బియ్యం డబ్బాకు ఆనించిన నాన్న

ఆ వేసవి సెలవుల్లో మేము ఇండోనేషియా వెళ్తున్నామని తెలిసిన రోజు నుంచి నేను పాఠాలు చెప్పే బడిలో తోటి టీచర్లంతా నన్ను కొత్తగా చూడటం మొదలుపెట్టారు. ఫారిన్ అనగానే అందరికీ మంచు గుర్తొస్తుంది. స్వెట్టర్లు కొన్నావా అని అడిగారు. మేము వెళ్తున్నది మా చిల్లకూరు కంటే పిసరంత ఎక్కువ ఉక్కపోసే చోటికి. అక్కడా కొబ్బరిచెట్లే, అక్కడా ఉప్పుగాలే, అక్కడా రొయ్యల గుంటలే. చిట్టమూరు దాకా బస్సులో పోతే కనపడేదాన్ని చూడటానికి మేము రెండు విమానాలు, ఒక వ్యాను, ఒక ఓడ ఎక్కబోతున్నాం. ఆ మాటే చెబితే, గొప్పలు పోవడం తెలియని మనిషినని నన్ను ఇంకాస్త మెచ్చుకున్నారు.

మా ఆయన రొయ్యల గుంటల్లో టెక్నీషియన్. నెల్లూరు తీరంలో నేర్చిన విద్యను సుమత్రా దీవిలో అమ్ముకుంటున్నాడు. పాప పుట్టిన కొన్ని నెలలకే వెళ్లాడు. మధ్యలో ఒక్కసారి వచ్చాడు, అప్పటికి పాప పాకుతోంది. ఆ తర్వాత సెలవు అడిగినప్పుడల్లా అక్కడ రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగులుకునేది. మనిషికి జ్వరమొస్తే సెలవిస్తారు. రొయ్యకు జ్వరమొస్తే ఇచ్చిన సెలవు కూడా లాగేసుకుంటారు. పాపకు నాలుగేళ్లు వచ్చాయి. ఇక లాభం లేదని ఆయనే, "నేను రాలేను మే, మీరే రాండి. ఓనరు ఇల్లిస్తానన్నాడు" అని కబురు చేశాడు.

ఆయన కోరిక ఒకటే. "పాప నన్ను చూసి ఉరికొచ్చి ఎత్తుకోమనాల. అంతే మే. ఇంకేం వొద్దు నాకు." ఫోను చేసినప్పుడల్లా చివరికి ఆ మాట దగ్గరికే వచ్చేవాడు. వస్తుందిలే అని నేనూ భరోసా ఇచ్చేదాన్ని. ప్రతి సాయంత్రం చూసే నాన్నే కదా, కొత్తేముంటుంది అని నా ధైర్యం.

ప్రతి సాయంత్రం చూసే సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో రాత్రి అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన. అది మా అత్త చట్టం. ప్రార్థన కాకుండా కంచం ముట్టుకుంటే మా అత్త కంచాన్నే లోపల పెట్టేస్తుంది. పాట ఆమె ఎత్తుకుంటుంది, వాక్యం మా పెద్దవాడు, పాప వాళ్లన్న, చదువుతాడు, చివరి ప్రార్థన ఇంటి యజమాని చెయ్యాలి. మా ఇంటి యజమాని సుమత్రాలో ఉన్నాడు కాబట్టి ఫోనును వంటింట్లో బియ్యం డబ్బాకు ఆనించి పెడతాం. అక్కడ సిగ్నలు వాళ్ల ఆఫీసు గది గుమ్మంలో తప్ప ఇంకెక్కడా రాదట. వచ్చినా బొమ్మ కదలదు. సగం చెంప, ఒక చెవి, వెనక గోడమీద బల్లి, అక్కడితో ఆగిపోతుంది. గొంతు మాత్రం బాగానే వస్తుంది. గొంతు చాలు. ప్రార్థనలో ఎటూ కళ్లు మూసుకోవలసిందే.

కళ్ల విషయంలో మా అత్త మరీ కచ్చితం. "కళ్లు తెరిస్తే దేవుడు చూస్తాడు" అంటుంది. "మూసుకున్నా చూస్తాడు గదవ్వా" అని పెద్దవాడు ఒకసారి న్యాయం అడిగి మొట్టికాయ తిన్నాడు. పాప భయస్తురాలు. ఫోను మోగగానే రెండు అరచేతులతో కళ్లు కప్పుకుని, తల మోకాళ్లలో పెట్టుకుని, ఆమెన్ దాకా కదిలేది కాదు. ఆమెన్ అనగానే మా ఆయన "సరే, ట్రేలు చూడాల" అని ఫోను పెట్టేసేవాడు. గుంటలోకి దించిన ట్రేల్లో మేత ఎంత మిగిలిందో చూసుకోవడం ఆ వేళకు ఆయన పని. నాతో మాట్లాడాలంటే మధ్యాహ్నం, నేను బడిలో ఉండగా చేసేవాడు. అలా పాప కళ్లు తెరిచేసరికి ఎదురుగా బియ్యం డబ్బా ఉండేది, దానికి ఆనుకుని నల్లటి ఫోను ఉండేది. ఇందులో లోటేమైనా ఉందని మాలో ఎవరికీ తట్టలేదు. బిడ్డను భయభక్తుల్లో పెంచుతున్నామనే అనుకున్నాం.

పెట్టెలు సర్దుతుంటే పాప వచ్చి, "బియ్యం డబ్బా పెట్టలేదే?" అంది. అక్కడ కూడా బియ్యం ఉంటాయిలే అన్నాను. దానికి ఆ జవాబు నచ్చలేదు. నేను కూడా రెండోసారి ఆలోచించలేదు, ఎందుకంటే అప్పటికి మా అత్తతో రొయ్యపొట్టు విషయంలో యుద్ధంలో ఉన్నాను. రొయ్యలు పండే దీవికి చిల్లకూరు నుంచి ఎండు రొయ్యపొట్టు మోసుకెళ్లడం ఏమిటని నా వాదన.

"పెంచేవోడికి తినే రాత యాడ మే?" అంది మా అత్త, మూట ముడి బిగిస్తూ. మూట పెట్టెలోకి వెళ్లింది.

బయల్దేరే పొద్దున పాస్టరుగారు ప్రయాణ ప్రార్థనకు వచ్చారు. మా నలుగురినీ, మా పెట్టెలనూ, కారునూ, కారు టైర్లనూ, విమానం నడిపేవారినీ, వారి భార్యాబిడ్డలనూ, దారిలో తగిలే దేశాలనూ, వాటి పాలకులనూ వరసగా దేవుని చేతికి అప్పగించారు. డ్రైవరుది మా మతం కాదు. అయినా మర్యాదగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రార్థన టైర్ల దగ్గరకొచ్చేసరికి మాత్రం మెల్లగా వెళ్లి ఒకసారి గాలి చూసుకొచ్చాడు. అక్కడైన ఆలస్యాన్ని సూళ్లూరుపేట దాటేలోపు పూడ్చాలని అతను తోలిన తోలుడుకు పాస్టరుగారు చేసిన ప్రార్థన చాలావరకు అక్కడే ఖర్చయిపోయింది.

చెన్నై విమానాశ్రయంలో తనిఖీ దగ్గర మా అత్త మోగింది. గాజుకు వేలాడే పిన్నీసుల గుత్తి తీసి పళ్లెంలో పెట్టింది. మళ్లీ మోగింది. భుజం మీది పిన్నీసు తీసింది. కుచ్చిళ్ల దగ్గరిది తీసింది. తనిఖీ చేసే పిల్ల చాలమ్మా అన్నట్టు చెయ్యి ఊపితే, "ఉండుమే, లోపల ఇంకోటి ఉండాది" అని తనే చెప్పింది. ఇన్ని ఎందుకని ఆ పిల్ల తమిళంలో అడిగింది. మా అత్తకు అటువైపు చుట్టరికాల వల్ల నాలుగు తమిళం ముక్కలు వచ్చు. ఎవరికైనా అక్కరకొస్తాయని చెప్పి, అందులో ఒకటి ఆ పిల్లకే ఇచ్చి వచ్చింది. వెనక వరసలో నిలబడినవాళ్లు మమ్మల్ని చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

పిల్లలతో విమాన ప్రయాణం గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. కిటికీ కోసం ఇద్దరూ కొట్టుకున్నారు. కిటికీ దొరికినవాడు నిద్రపోయాడు. దొరకనిది ఏడ్చింది. మా అత్త సీటు బెల్టు దిగేదాకా విప్పలేదు, ఎవరు చెప్పినా వినలేదు. జకార్తాలో దిగి, వ్యానులో రేవుకు చేరి, అక్కడ ఓడ ఎక్కాం. ఓడ మీద జిగటగాలి. ఎవరో ఏదో నూనెలో వేయిస్తున్న వాసన. పెద్దవాడు కటకటాలు పట్టుకుని ఒడ్డు కనపడేదాకా చూసి, చివరికి నా దగ్గరికొచ్చి చాలా గంభీరంగా, "అమ్మా, మనల్ని మోసం చేసినారు. తిప్పి తిప్పి మనూరికే తెచ్చినారు" అన్నాడు. ఎదురుగా కొబ్బరిచెట్లు, పడవలు, రేకుల కొట్లు ఉన్నాయి. వాడిని తప్పుపట్టడానికి నాకేమీ కనపడలేదు.

అవతలి రేవులో మా ఆయన నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు, నల్లబడ్డాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా ఈ రోజు కోసమే దాచి ఉంటాడని చూడగానే తెలిసింది, మడతలు కూడా పోలేదు. మమ్మల్ని చూసి అక్కడే గొంతుకూర్చుని, పాప వైపు రెండు చేతులూ చాచాడు.

పాప వెళ్లి అవ్వ చీర వెనక దాక్కుంది.

ఆయన చేతులు చాచినవి చాచినట్టే ఉంచాడు. "రా బుజ్జమ్మా, నేను మే, నాన్నను" అన్నాడు. పాప చీరను ఇంకాస్త చుట్టుకుంది. వెనక బండ్లవాళ్లు దారి ఇవ్వమని హారన్లు కొడుతున్నారు. ఆయన లేవలేదు. కాసేపటికి పెద్దవాడు సిగ్గుపడుతూ వెళ్లి ఆ చేతుల్లో దూరాడు. ఎవరో ఒకరు వెళ్లకపోతే బాగుండదనిపించిందని తర్వాత నాతో చెప్పాడు. అప్పుడు వాడికి పదేళ్లు. ఆ రోజు వాడి మీద నాకు పుట్టిన గౌరవం, ఆ తర్వాత వాడు చేసిన వెధవ పనులన్నిటి మధ్యా నిలబడే ఉంది.

ఓనరు ఇచ్చిన ఇల్లు గుంటల గట్టు మీదే ఉంది. వాకిట్లో నిలబడితే నాలుగు వైపులా నీళ్లు, నీళ్లలోకి గాలి ఎక్కించడానికి తిరిగే ఏరియేటర్ల చక్రాలు. మా ఆయన పాప కోసం మూడు చక్రాల సైకిలు కొని ఉంచాడు. బొమ్మలు కొన్నాడు, గిలకలు కొన్నాడు, పాపకు రెండేళ్లప్పుడు సరిపోయే గౌన్లు కొన్నాడు. పాప సైకిలు ఎక్కింది. ఆయన పక్కకు వస్తే దిగి లోపలికి పోయేది. ఆయన చాక్లెట్టు ఇస్తే నా చేతికి ఇమ్మని సైగ చేసేది. నా చేతిలోంచి తీసుకుని తినేది.

రెండో రోజు మధ్యాహ్నం అందరం అన్నాలు తింటుంటే పాప నన్ను అడిగింది.

"అమ్మా, ఈ మామ వాళ్లింటికి ఎప్పుడు పోతాడు?"

"ఇది ఆయన ఇల్లేనే" అన్నాను.

"అయితే మనం ఎప్పుడు పోతాం?"

మా ఆయన చెయ్యి కడుక్కుని, ఏరియేటరు ఏదో తేడాగా తిరుగుతోందని బయటికి వెళ్లాడు. అన్ని చక్రాలూ బాగానే తిరుగుతున్నాయి. నేను వెనకాలే వెళ్లాను. గట్టు మీద అటు తిరిగి నిలబడి, "లక్షల రొయ్యపిల్లల్ని సాకతాండానే, నా బిడ్డ ఒక్కత్తె నా కాడికి రాదే" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది, అది నా గుణం. సరిపోని గౌన్లు అన్ని ఎందుకు కొన్నావని ఆయన్ను అరిచాను. లోపలికొచ్చి పాపను అరిచాను. మా అత్తనూ అరిచేదాన్నే, ఆమె బైబిలు తెరిచి కూర్చుంది కాబట్టి తప్పించుకుంది.

దానికి తోడు మేము దిగిన రోజు నుంచే పట్టుబడి వచ్చింది. గుంటలు ఖాళీ చేసి రొయ్యలు పట్టడం అక్కడ పొద్దు వాలాకే మొదలుపెడతారు. మా ఆయన వలల దగ్గర, ఐసు దగ్గర ఉండాలి. ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉండేవాళ్లు. అందుకని చివరి ప్రార్థన కూడా మా అత్తే చేసింది.

మొదటి సాయంత్రమే పాప నా ఫోను తీసుకుని ఆ వంటింట్లో తిరిగింది. అక్కడ బియ్యం ఒక నీలం ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి. మూత తీసి బియ్యమేనా కాదా చూసుకుని, ఫోను దానికి ఆనించి, దాని ముందు బాసింపట్టు వేసుకుని, రెండు అరచేతులతో కళ్లు కప్పుకుంది. మా అత్త పాట అయింది. వాక్యం అయింది. మా అత్త ప్రార్థన చేసి ఆమెన్ అంది. పాప చేతులు తియ్యలేదు.

"లేమ్మా, అయిపోయింది" అన్నాను.

"నాన్న రాలా."

"నాన్న ఈడే ఉండాడు గదమ్మా, గుంటకాడ" అంది మా అత్త.

"ఆ మామ కాదు. నాన్న" అంది పాప, కళ్ల మీది చేతులు తియ్యకుండానే.

మా అత్త నా వైపు చూసింది. నేను ఫోను వైపు చూశాను. ఇన్నేళ్లూ మేము బిడ్డకు నాన్నను రోజూ చూపిస్తున్నామనుకున్నాం. చూడనిచ్చిందెవరు? ఆ మాట అత్తతో అనాలని నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం అప్పటికే పాలిపోయి ఉంది, ఊరుకున్నాను. పెద్దవాడు మాత్రం ఉపాయం చెప్పాడు. నాన్న పక్క గదిలోంచి ఫోను చేస్తే సరిపోతుందట. "దేవునితో డ్రామాలా?" అని మా అత్త చెయ్యెత్తింది. కానీ కొట్టలేదు.

పట్టుబడి అయిపోయిన సాయంత్రం మా ఆయన ఇంట్లో ఉన్నాడు. స్నానం చేసి వచ్చి, పాప భయపడకుండా దూరంగా గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మునుపటిలా దగ్గరికి పిలవలేదు. పిలవడం మానెయ్యడం చూస్తే నాకు, పిలిచినప్పటి కంటే ఎక్కువ బాధ అనిపించింది. పాప మామూలుగా నీలం డబ్బాకు ఫోను ఆనించి కళ్లు మూసుకుంది. పాట అయింది, వాక్యం అయింది.

"నువ్వు చెయ్యి నాయనా" అంది మా అత్త.

మా ఆయనకు రెండు గొంతులున్నాయి. ఒకటి మామూలుది. ఏరియేటర్ల మోతలో అరిచి అరిచి బండబారిన నెల్లూరు గొంతు. రెండోది ప్రార్థన గొంతు. వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. మెత్తగా, నిదానంగా, అచ్చు బైబిలు భాషలో సాగుతుంది. ఆ గొంతులో ఆయన ఉప్పు కూడా అడగడు. పెళ్లయిన కొత్తలో విని, ఈ మనిషి ఎవరా అని నేనే కళ్లు తెరిచి చూశాను. వచ్చిన దగ్గర్నుంచీ పాప విన్నదల్లా మొదటి గొంతే.

"కృపగల మా పరలోకపు తండ్రీ," అని ఆయన మొదలుపెట్టాడు, "ఈ దినమంతయు మమ్మును కాచి కాపాడినందుకు నీకు స్తోత్రములు..."

నేల మీద ఏదో జరుగుతున్న చప్పుడైంది. అత్త చట్టం నాకూ వర్తిస్తుంది, అయినా కళ్లు తెరిచాను. పాప ఒక చేత్తో కళ్లు కప్పుకుని, రెండో చేత్తో నేలను తడుముకుంటూ పాకుతోంది. చెయ్యి తగిలి ఫోను పడిపోయింది. దాన్ని పట్టించుకోలేదు. ఆ గొంతు ఎటునుంచి వస్తోందో అటే వెళ్లింది. ఆయన మోకాలు చేతికి తగిలింది. తడిమి చూసి, మెల్లగా ఒళ్లోకి ఎక్కి, ఛాతీకి చెవి ఆనించి కూర్చుంది. కళ్లు మాత్రం తెరవలేదు.

ఆయన కూడా కళ్లు తెరవలేదు. గొంతు ఒకసారి తెగి మళ్లీ అందుకుంది. ఆపితే దిగిపోతుందని ఆయన భయం. ఇక ఆయన ప్రార్థించని వస్తువు లేదు. మా అత్త మోకాళ్ల గురించి ప్రార్థించాడు. పెద్దవాడి లెక్కల గురించి, ఓనరు గురించి, ఓనరు జనరేటరు గురించి, గుంటల్లో వదలబోయే రొయ్యపిల్లల గురించి, బుచ్చిరెడ్డిపాలెంలో మా పెద్దాడబిడ్డ వరి చేను గురించి ప్రార్థించాడు. పాస్టరుగారి ప్రయాణ ప్రార్థన దీని ముందు దిగదుడుపు. కళ్ల వెంట నీళ్లు కారి పాప జుట్టులో పడుతున్నాయి. పొయ్యి మీద పులుసు చల్లారిపోయింది. చివరికి ఆయన దగ్గర అడగడానికి ఏమీ మిగల్లేదు.

"యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ..."

పాప చెయ్యి పైకి లేచి ఆయన నోరు గట్టిగా మూసేసింది.

"ఆమెన్ అనబాక" అంది. "అంటే పోతావు."

మా అత్త దృష్టిలో ఆమెన్ లేని ప్రార్థన గడియ వెయ్యని వాకిలి. జీవితంలో ఏ రోజూ అలా వదిలిన మనిషి కాదు. ఆమె కళ్లు తెరిచి, ఆ ఒడినీ ఆ చేతినీ కాసేపు చూసి, పమిటతో ముఖం తుడుచుకుంది.

"అనబాక నాయనా" అంది. "మే, కూడు పెట్టు."

పాప కళ్లు తెరిచి తలెత్తి, ఆయన ముఖాన్ని చాలాసేపు చూసింది. మీసం లాగి చూసింది. చెవి పట్టుకుని చూసింది. ఆ తర్వాత ఉన్నన్ని రోజులూ ఆయన భుజం దిగలేదు. గట్ల వెంట ఇద్దరూ ట్రేలు చూసి వచ్చేవాళ్లు. మేత ఎంత మిగిలిందో పాపే మాకు చెప్పేది. మా అత్త తెచ్చిన రొయ్యపొట్టు పిసరు కూడా మిగల్లేదు, ఆమె ఆ సంగతి నాకు రోజూ గుర్తుచేసింది.

తిరుగు ప్రయాణం నాడు రేవులో ప్రార్థన ఆయనే చేశాడు. ఓడ కూత వేస్తోంది కాబట్టి చిన్నదే చేశాడు. పాప నా చంకలో ఉంది. ఈసారి కళ్లు మూసుకోలేదు, ఆయన పెదవులనే చూస్తోంది. "వేడుకొనుచున్నాము తండ్రీ" దాకా వచ్చి ఆయన ఆగిపోయాడు. పాప వైపు చూసి, తన చేత్తో తనే నోరు మూసుకున్నాడు. అలాగే చెయ్యి తియ్యకుండా మేము ఓడ ఎక్కేదాకా నిలబడ్డాడు. నోరు మూసుకున్నది ఆమెన్ కోసమే కాదని నాకు తెలుసు.

ఇప్పుడు మళ్లీ ఫోను బియ్యం డబ్బా దగ్గరికి వచ్చింది. సగం చెంప, ఒక చెవి, బల్లి. మా అత్త తన చట్టాన్ని కొంచెం సడలించింది. ప్రార్థనలో పాప కళ్లు తెరుచుకోవచ్చు, పాప ఒక్కతే. ఆయన "తండ్రీ" దగ్గర ఆపేసి, "సరే, ట్రేలు చూడాల" అని ఫోను పెట్టేస్తాడు. మేము తిరిగి వచ్చిన కొత్తలో ఒక రోజు, ఫోను నల్లబడగానే పెద్దవాడు అలవాటు కొద్దీ ఆమెన్ అనబోయాడు. వాడి పక్కనే కూర్చున్న మా అత్త చప్పున వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీరా" అంది. "మీ నాయన ఇంటికొచ్చినాక అందరం కలిసి అందాం. కూడు చల్లారిపోతాంది, తినండి."